గోంటాకి చూడటం నేర్పిన సానాయే

పెళ్లైన కొత్తలో కూడా సానాయే ఇంత హుషారుగా ఇంట్లోంచి బయటపడిందే లేదు. ఇది కల్పించి చెప్పిన మాట కాదు, షిగేకి అనే ఆమె మొగుడు ఒకజాకి అనే తమ ఊరంతా టాక్సీ తిప్పుతూ ఎక్కినవాళ్లందరికీ చెప్పిన మాటే. సంగతేమిటంటే, ఆవిడ పనిచేసే షెడ్డులోకి, కారు సీట్ల చట్రాలు వెల్డింగుతో అతకడానికి మరచెయ్యి ఒకటి, అంటే రోబో చెయ్యి, వచ్చింది. పసుపు రంగుది, మనిషెత్తుది. దానికి పని నేర్పడానికి ఎవరు ముందుకొస్తారని మేస్త్రీ కమియా అడిగాడు. కుర్రాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటుంటే, ప్రెస్ మిషన్ల వైపున్న ఆడవాళ్లలోంచి నలభై దాటిన సానాయే చెయ్యెత్తింది. కమియా ఆమె వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాడు.

"వెనకెవరూ లేరు కమియా-సాన్. ఎత్తింది నేనే," అంది సానాయే. సాన్ అంటే వాళ్లకి మన 'గారు' లాంటిది.

ఆవిడ పుట్టింది నాగనో కొండల్లో. బడి చదువు అయ్యీ అవగానే ఈడు పిల్లలందరితో పాటు రైలెక్కించి నూలు మిల్లుకి పంపేశారు. మిల్లు మూతపడితే ఈ షెడ్డులో ప్రెస్సు దగ్గరికి వచ్చిపడింది. రేకు పెట్టు, మీట నొక్కు, రేకు తియ్యి, మళ్లీ పెట్టు. అన్నేళ్లలో నీకేం చెయ్యాలనుందమ్మా అని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. ఇన్నాళ్లకి తనంతట తాను నోరు తెరిచి అడిగి తెచ్చుకున్న పని ఇదొక్కటే.

కమియా మొహమాటపడే రకం కాదు. "నలభై అయిదు సెకన్లకి ఒక చట్రం బయటికి రావాలి. కొనే కంపెనీవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం చూడ్డానికి వస్తున్నారు. అప్పటికి మీ వల్ల కాకపోతే సోమవారం నగోయా నుంచి మనిషిని రప్పిస్తాను. మీరు మళ్లీ ప్రెస్సు దగ్గరికే," అన్నాడు.

"సరే," అంది ఆవిడ.

పని నేర్పడమంటే ఇలాగ. బొత్తాలున్న ఓ చేతిపెట్టె ఉంటుంది. అది నొక్కుతూ మరచేతిని ఒక్కో చోటికి నడిపించి, ఈ చోటు గుర్తుపెట్టుకో అని చెప్పాలి. చోటుకీ చోటుకీ మధ్య ఆజ్ఞలివ్వాలి. తిన్నగా వెళ్లు. వంపు తిరుగు. నిప్పు పెట్టు. నిప్పు ఆర్పు. ఆగు. అంతే, అందులో అండీలూ గిండీలూ లేవు. "అమ్మో, ఇంత కటువుగా చెబితే ఎవరు వింటారు?" అని మొదటిరోజు తెగ మొహమాటపడిపోయింది సానాయే. అది మాత్రం కిమ్మనకుండా చెప్పింది చెప్పినట్టు చేసింది. తను తిన్నగా వెళ్లమంటే అంత ఇనుమూ తిన్నగా వెళ్లడం చూసి ఆవిడకి ఒళ్లు పులకరించింది. ఆ సంబరంలో సుద్దముక్క తీసుకుని దాని మీద గోంటా అని రాసేసింది. వాళ్ల వైపు పెంకి పిల్లాణ్ణి అలాగే పిలుస్తారు.

ఇక ఇంట్లోనూ అదే గోల. "చెయ్యీ, తిన్నగా రా. గిన్నె పట్టుకో. అన్నం పెట్టు," అంది ఆ సాయంత్రం షిగేకితో. అతగాడికి వేళాకోళం ఎక్కువ. గిన్నె నిండినా ఆపకుండా బల్ల మీదంతా అన్నం గుట్టపోశాడు.

"ఏమిటయ్యా ఇది?"

"ఆపమని చెప్పావా? చెప్పలేదుగా."

"ఇదే, అచ్చం ఇలాగే చేస్తాడు వాడు," అని ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. తరవాత ఇద్దరూ కూర్చుని ఆ అన్నమంతా ఏరుకుని తిన్నారు.

గురువారానికల్లా గోంటా చట్రాలు అతికేస్తున్నాడు. అతుకు చూస్తే కళ్లకద్దుకోవాలనిపించేది. తీరా కమియా చేతిలో గడియారం చూస్తే యాభై రెండు సెకన్లు. వేగం పెంచితే అతుకు బొబ్బలు కడుతోంది. ఆ ఏడు సెకన్లు ఎక్కడ జారిపోతున్నాయో ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా అంతుపట్టలేదు.

గోంటా చుట్టూ కట్టిన కంచెకి ఇవతల నిలబడి, గోంటాతో పాటు తన చెయ్యీ ఆడిస్తూ, ఒక్కో ఆజ్ఞా పైకి చదువుకుంటోంది సానాయే. కరెంటు పని చూసే త్సుగే టీ తాగుతూ అటుగా వచ్చి, కాసేపు చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు.

"ఏమిటా నవ్వు? ఇక్కడ నా ప్రాణం పోతుంటే."

"మీరిద్దరూ ఒకే చోట ఆగుతున్నారు సానాయే-సాన్. ఆగి మీరేమో వేలు చూపించి 'యోషి' అంటున్నారు. పాపం వాడికి నోరు లేదుగానీ, ఉంటే వాడూ అనేవాడే."

సానాయే వేలు ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. ప్రెస్సులో చెయ్యి పెట్టే ముందు ఇటు చూసి, అటు చూసి, వేలు చూపించి, 'యోషి', అంతా సరే అని గట్టిగా అనాలి. అనకపోతే కమియా షెడ్డు ఎగిరిపోయేలా అరుస్తాడు. అది ఆవిడ ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, గోంటాకి నేర్పేటప్పుడు తన వేలు లేచిన ప్రతిచోటా 'అర సెకను ఆగు' అని పెట్టుకుంటూ పోయింది. వేళ్లు తెగే మనిషికి ఆ జాగ్రత్త కావాలిగానీ, ఇనపచేతికి ఎందుకటా? అంతమంది చూశారు, ఒక్కరికీ తప్పుగా తోచలేదు. ఎలా తోస్తుంది, వాళ్ల వేళ్లు కూడా అక్కడే లేస్తాయి మరి.

శుక్రవారం పొద్దున్నే ఆ ఆగుళ్లన్నీ తీసి పారేసింది. మొదటి చట్రం నలభై నాలుగు సెకన్లు. రెండోదీ అంతే. ప్రెస్సుల దగ్గరి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. సానాయేకి కాళ్లు నేల మీద ఆనలేదు. మూడో చట్రం పక్కరేకు వంకరగా అతుక్కుని బయటికొచ్చింది.

రేకుల్ని కదలకుండా పట్టుకునే క్లాంపు గాలితో మూసుకుంటుంది. ఒక్కోసారి బద్ధకిస్తుంది. ఇన్నాళ్లూ ఆ అర సెకనులో అది మూసుకునేది. ఇప్పుడు మూసుకోకముందే గోంటా నిప్పు పెట్టేశాడు.

"ఆగుళ్లన్నీ మళ్లీ పెట్టెయ్యండి," అన్నాడు కమియా. "ఆలస్యమైందని తిట్టినా పడొచ్చు. వంకర చట్రం మాత్రం వాళ్ల కంటపడకూడదు. సోమవారం మనిషి వస్తాడు, వదిలెయ్యండి."

సానాయేకి ఒళ్లు మండిపోయింది. అతని మీద కాదు, తన మీద. ప్రెస్సు దగ్గర తనెప్పుడైనా సెకన్లు లెక్కపెట్టిందా? లేదే. కళ్లకి కనబడేదాకా చూసింది, కనబడగానే చెయ్యి పెట్టింది. గోంటాకి మాత్రం చూడమని చెప్పకుండా ఊరికే నిలబడమని చెప్పింది. చూడమంటే మాత్రం వాడు ఎలా చూస్తాడు, ఎవరో ఒకరు కబురు చెప్పకపోతే?

పరిగెత్తుకెళ్లి త్సుగే చొక్కా పట్టుకుంది. "క్లాంపు మూసుకుంటే బోర్డు మీద పచ్చదీపం వెలుగుతుంది కదా, ఆ సంగతి గోంటాకి తెలిసేలా తీగ లాగగలరా? ఇప్పుడే."

"ఇప్పుడు భోజనాల వేళ సానాయే-సాన్."

"నా డబ్బా తినెయ్యండి. పందిమాంసం వేపుడు, పైన మిసో పులుసు."

"ముందే చెప్పొచ్చుగా," అని త్సుగే పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు.

అతను తీగ లాగుతుంటే ఆవిడ చేతిపెట్టె పట్టుకుని కొత్త ఆజ్ఞ పెట్టింది. క్లాంపు మూసుకుందని కబురొచ్చేదాకా ఆగు. రాగానే వెళ్లు.

కంపెనీవాళ్లు ముగ్గురొచ్చారు. వరసగా చట్రాలు వచ్చిపడుతున్నాయి, ఒక్కటీ నలభై అయిదు దాటలేదు. అంతలో గోంటా ఠక్కున ఆగిపోయాడు. కమియా చేతిలో గడియారం వంక చూశాడు.

"పాడైందా?" అని అడిగాడు వాళ్లలో పెద్దాయన.

మేస్త్రీ ఉండగా తను మాట్లాడటం అక్కడ మర్యాద కాదు. సానాయే మాట్లాడేసింది. "లేదండీ. క్లాంపు ఇంకా మూసుకోలేదు. మూసుకోకుండా అతికితే వంకరొస్తుందని ఆగాడు."

అలా అన్నదో లేదో, క్లాంపు టక్కుమంది, పచ్చదీపం వెలిగింది, గోంటా కదిలాడు. పెద్దాయన ఆ చట్రాన్నే తీయించి, స్కేలు పెట్టి అన్ని మూలలూ కొలిచాడు. తలూపి, ఇంకేమీ అనకుండా వచ్చే నెల నుంచి ఎన్ని పంపగలరని కమియాని అడిగాడు.

వాళ్లు వెళ్లాక కమియా గోడకున్న ఫోన్ ఎత్తాడు. "సోమవారం మీ మనిషిని పంపొద్దండీ. లేదు లేదు, వేరే కంపెనీ కాదు. మా మనిషే ఉంది." పెట్టేసి సానాయే వైపు తిరిగాడు. "ఏప్రిల్లో ఇలాంటివి ఇంకో రెండు తెస్తున్నాం. ప్రెస్సు దగ్గర మీ చోటు వేరేవాళ్లకి ఇచ్చేస్తున్నాను. ఇచ్చేశాక మళ్లీ కావాలంటే కుదరదు."

"ఇచ్చెయ్యండి," అంది సానాయే. అంత గట్టిగా అంటానని ఆవిడే అనుకోలేదు. ప్రెస్సులన్నీ ఆపి ఆడవాళ్లు ఇటు తిరిగి చూశారు.