మీటరు మాస్టారు, విరిగిన పలక

కంటికి కనిపించిన ప్రతి వస్తువులోనూ కరెంటు పారుతుందో లేదో చూడనిదే మీటరు మాస్టారికి ప్రాణం నిలవదు. జేబులో మీటరు, దాని ఎర్ర తీగ ఒక పక్క, నల్ల తీగ ఒక పక్క వేలాడుతుంటే ఆయన నడిచివస్తారు. లాబ్‌లో వాళ్ళు టీ కప్పులు వెనక్కి లాక్కుంటారు. గొడుగు పిడి, బిస్కెట్టు, తలుపు గొళ్ళెం, ఏదీ ఆయన పరీక్ష తప్పించుకోలేదు. కొత్తల్లుడు బహుమతిగా ఇచ్చిన పెన్ను విప్పి సిరాలో తీగలు ముంచబోతే, ఆ సిరా అల్లుడి తెల్ల చొక్కా మీదే పడిందట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆయన భార్య తల పట్టుకుంటుంది.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయికి మాత్రం నవ్వే ఓపిక కూడా మిగల్లేదు. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని కార్బన్ గొట్టాలను ప్లాస్టిక్‌లో కలిపి, దాని గుండా కరెంటు పారించాలి. గొట్టాలు ఒకదాన్నొకటి తాకితేనే దారి. కలిపింది, కరిగించింది, అచ్చులో పోసి పలకలు చేసింది. ఏ పలక మీద తీగలు ఆనించినా మీటరు ఉలకదు, పలకదు. రేపే పరిశోధన కమిటీ ముందు నిలబడాలి. ఇది పారదని తేలితే, ఇన్నేళ్ళ పని గంగలో కలిసినట్టే. నిన్న సాయంత్రం విసుగెత్తి, చివరి పలకను ముక్కలుగా విరిచి చెత్తబుట్టలో పడేసి ఇంటికి పోయింది.

పొద్దున వచ్చేసరికి మాస్టారు ఆ చెత్తబుట్టలోనే చెయ్యి పెట్టి వెతుకుతున్నారు.

"వదిలేయండి సార్. అందులో ఏం లేదు" అంది నీరసంగా.

"నాకు అంకెలు సరిగ్గా కనబడటం లేదమ్మా. ఈ తీగలు నువ్వు పట్టుకో. పైన కాదు, విరిగిన అంచుల మీద పెట్టు."

ఈయన గోల ఒకటి అనుకుంటూ, ముక్క వైపు సరిగ్గా చూడకుండానే పెట్టింది. మీటరు మీద అంకె వచ్చి నిలిచింది. తీగలు పైకి జరిపితే పోయింది. అంచుల మీద పెడితే మళ్ళీ వచ్చింది. అచ్చులో పోసినప్పుడు పైన పలచని ప్లాస్టిక్ పొర కట్టింది, గొట్టాలన్నీ దాని కిందే ఉండిపోయాయి. ఇన్నాళ్ళూ మూసిన తలుపు తడిమి, ఇంట్లో ఎవరూ లేరనుకుంది.

"పారుతోంది సార్" అంది, తీగలు అంచుల మీదే అదిమి పట్టుకుని.

"అవునా? ఏదీ, చూడనీ" అంటూ మాస్టారు ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం కాస్త ఎక్కువైంది.

మిగిలిన పలకల పై పొర గీకడానికి గరుకు కాగితం తీసి, ఆమె ఆ ముక్కను అప్పుడు సరిగ్గా చూసింది. తీగలు బాగా ఆనడానికి పూసే వెండి రంగు రెండు అంచులకూ పూసి ఉంది. అది ఆరడానికి రాత్రంతా పడుతుంది. మాస్టారి బొటనవేలి గోరు కూడా వెండిలా మెరుస్తోంది.

ఆమె చూపు గమనించి ఆయన బొటనవేలు జేబులో దాచుకున్నారు. రెండో చేత్తో గరుకు కాగితం మీద తీగలు పెట్టి, "ఇది పారదు" అని తేల్చేశారు.

చాలా రోజులకు ఆమెకు నవ్వొచ్చింది. తన టీ కప్పును ఆయన వైపు జరిపింది.