మైనం మీద మెట్లు

ఈ అరబ్బు దేశంలో, ఖైతాన్‌లో నాదొక చిన్న వడ్రంగి కొట్టు. గిటార్లు కూడా బాగుకి వస్తాయి. వాటి మెడల మీద జనం చేసే ప్రయోగాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకదానికి తీగల కింది మెట్లు విసనకర్ర పుల్లల్లా ఏటవాలుగా పరిచారు. ఇంకోదానికి మెట్లు వంకర్లు తిరిగి ఉన్నాయి. మరోదానికి వేళ్ళు ఆనేచోట గాజు పలక అతికించారు. నాలుగోదానికైతే ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి మెడ నిండా దీపాలు. పెళ్ళి పందిరికి కట్టుకోవచ్చు.

ఈ నాలుగూ కొన్నది ఒకే మహానుభావుడు, ఫింటాస్‌లో ఉండే హైదరాబాద్ ఇంజినీరు. ఆయన కూతురు పదేళ్ళొచ్చేదాకా ఊళ్ళో వీణ నేర్చుకుని, ఇక్కడికొచ్చాక గిటార్ పట్టింది. వీణ మీద పలికిన గమకం గిటార్ మీద పలకడం లేదని దాని దిగులు. కొత్త మెడ కొంటే పలుకుతుందని తండ్రి నమ్మకం. నెల రోజుల్లో తెలుగువాళ్ళ సభలో ఆ పిల్ల మొదటిసారి వాయించాలి. గమకం రాకపోతే వేదిక ఎక్కనని చెప్పేసింది.

తండ్రి ఫోన్‌లో ఇంకో మెడ బొమ్మ చూపించాడు. "ఇది చూడు భాయ్. మెట్లు ఎటంటే అటు జరుగుతాయంట. ఫ్యూచర్ అంతా ఇదే."

"మా తాత మైనం మీద మెట్లు జరిపేవాడండి. మీ ఫ్యూచర్ మా అటక మీద దుమ్ము కొట్టుకుపోయుంది," అన్నాను.

మాది వీణలు చేసిన ఇల్లు. అంత మాట అన్నాక ఊరుకుంటే పరువేం మిగులుతుంది? ఆ పిల్ల పాత గిటార్ మెట్లు పీకేశాను. వీణకి చేసినట్టే మెడకి రెండు పక్కలా బొగ్గుపొడి కలిపిన మైనం గట్లు కట్టి, ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు ఎత్తుగా నిలబెట్టాను. పిల్ల వచ్చి తీగ లాగింది. గమకం పలికింది. నాకు గర్వం నెత్తికెక్కింది.

సభ రోజు పొద్దున తండ్రి గిటార్ తీసుకెళ్ళడానికి వచ్చాడు. దొరికాడు కదా అని అరగంట సేపు ఆ దీపాల మెడనీ, గాజు మెడనీ, వాటిని కొన్న తెలివినీ దులిపేశాను. ఆయన నవ్వుకుంటూ విని, "సరే, యల్లా," అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం వేదిక వెనక పెట్టె తెరిస్తే మెట్లన్నీ కునికిపాట్లు పడుతున్నాయి. మే నెల ఎండలో, మధ్యాహ్నమంతా గిటార్ కారు డిక్కీలో ఉందట.

"కరుగుతుందని చెప్పలే కదా భాయ్," అన్నాడు తండ్రి.

చెప్పలేదు. వీణని ఎండలో పెట్టకూడదన్నది మా నాన్న నాకు నేర్పిన మొదటి మాట. వెక్కిరించే సందడిలో ఆ ఒక్క మాటా మింగేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏసీ కింద పెడితే గట్టిపడుతుందా అంకుల్?" అంది పిల్ల. ఏసీ కింద గిటార్ పట్టుకుని, స్వరం చూసుకుంటూ ఒక్కో మెట్టూ నొక్కాను. పిల్ల వంతు వచ్చేసరికి ఏడు నిలబడ్డాయి. అడ్డం పడతాయని మిగతా పదిహేడూ పీకి జేబులో వేసుకున్నాను.

"ఎక్కొద్దులేమ్మా," అన్నాను. వినలేదు. ఆ ఏడు మెట్ల మీదే తీగని లాగి లాగి, లేని మెట్ల స్వరాలన్నీ రాబట్టింది. గమకం నా కొట్లో పలికినదానికంటే బాగా పలికింది. జనం చప్పట్లు ఆపలేదు.

దిగి రాగానే తండ్రి అందుకున్నాడు. "ఈసారి కరగని మైనంతో చేద్దాం భాయ్."

"లక్క కలిపితే ఆగుతుందండి," అని నేనూ మొదలెట్టాను.

పిల్ల ఎర్రబడ్డ వేలు ఊదుకుంటూ మా ఇద్దరినీ చూసింది. "ఇంక మెడలు మార్చకండి. నాన్నా, నువ్వూ, అంకుల్, మీరూ. నన్ను వాయించుకోనివ్వండి."

ఇన్నాళ్ళూ నాలుగు మెడల్ని తిట్టాను. ఐదోది నాదేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.