వన్స్‌మోర్ కోసం చర్ల దాకా

తెల్లవారుజామున ఐదు గంటలకు ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సు ఎక్కాం. మేమంటే ముగ్గురు మనుషులూ, ఒక తెడ్డూ. మనుషుల్లో ఒకడు ముదిగొండలో బట్టలు కుట్టే నర్సయ్య, రెండో ఆయన ఎర్రుపాలెం నుంచి వచ్చిన హార్మోనియం మస్తాన్. మూడోవాణ్ణి నేను. తెడ్డు మాత్రం నాటకానిది. దాని ఒక కొస డ్రైవరు చెవి దగ్గర, రెండో కొస వెనకద్దం దగ్గర. మధ్యలో కూర్చున్నవాళ్ళంతా దాని కింద తలలు వంచుకుని, పల్లకీ పోతున్నంత భక్తిగా ఉన్నారు. బట్టలపెట్టెలూ మిగతా నటులూ ముందురోజే మిర్చి వ్యానులో వెళ్ళిపోయారు. తెడ్డును వ్యాను వాళ్ళకు అప్పగించడానికి నర్సయ్య ఒప్పుకోలేదు. ఆయన దాన్ని ఎవరి చేతికీ ఇవ్వడు. కన్నకూతుర్నైనా ఇంతకంటే తొందరగా అత్తారింటికి పంపి ఉంటాడు.

నాటకం పేరు ‘పడవవాడి పెండ్లి’. మీరు విని ఉండరు, అది మీ తప్పు కాదు. అందులో కిరీటం లేదు, గద లేదు, దేవుడు లేడు. వరదలో ఒక పెండ్లిబృందాన్ని ఏరు దాటించి, చివరికి తానే ఒడ్డున పడి ప్రాణం విడిచే పడవవాడి కథ. అడుగడుగునా పాటలే. ఆ పాటలన్నీ నాకు కంఠతా వచ్చు. నేను స్నానాలగదిలో పాడితే వీధి కుళాయిలో నీళ్ళు ఆగిపోతాయని మా ఆవిడ అంటుంది. నీళ్ళు ఎలాగూ రావు, అది వేరే సంగతి.

మా వైపు నాటకాల్లో పాట బాగుంటే జనం ‘వన్స్‌మోర్’ అని అరుస్తారు. చచ్చిపడినవాడైనా లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. పడవవాడి వేషం వేసే నర్సయ్య ఇన్నేళ్ళుగా ఒక్కసారే చస్తున్నాడు. చివరి పాటకు ఎవరూ వన్స్‌మోర్ కొట్టలేదు. నేను అరిస్తే లెక్కలోకి రాదు, సొంత మనిషినట. “ఈసారి గూడ రాకుంటే ఇగ బంద్ సారూ. మిషిన్ తొక్కుకుంట కూసుంట” అని ఆయన బయల్దేరే ముందే తేల్చేశాడు. ఆయన మానేస్తే ఆ పాటలు నా స్నానాలగదిలో తప్ప ఇంకెక్కడా మిగలవు. ఎవరినైనా కదిలించి వాళ్ళ చేత అరిపించాలనే నేను చర్ల దాకా బయల్దేరింది.

ఏడున్నరకు కొత్తగూడెంలో ఇడ్లీ. ఆ ఇడ్లీని విసిరితే పాల్వంచలో పిట్ట పడుతుంది. చట్నీ మాత్రం బాగుంది. తొమ్మిదింటికి గోదావరి వంతెన దాటాం. నర్సయ్య కిటికీలోంచి నదికి దండం పెట్టాడు, తెడ్డుకు కూడా కాస్త చూపించాడు. భద్రాచలంలో చర్ల బస్సు దొరికింది. అక్కడ కండక్టరు తెడ్డును కింది నుంచి పై దాకా చూశాడు.

“దీనికి టికెట్ కొట్టాలె.”

“అదేమన్న మనిషా?” అన్నాడు నర్సయ్య.

“మనిషైతే వంగి కూసుంటుండె గదన్నా.”

లగేజీ టికెట్ తీసుకున్నాం. అక్కణ్ణుంచి రోడ్డు ఉన్నచోట గుంతలు లేవు, గుంతలు ఉన్నచోట రోడ్డు లేదు. ఒక్కో గుంతలో ఒక మండలాఫీసు కట్టి పైన సంతకు స్థలం వదలొచ్చు. పక్కసీటు ఆయన తన కోళ్ళగంపను నా ఒళ్ళో పెట్టి నిద్రపోయాడు. పదకొండున్నరకు చర్లలో దిగేసరికి కోళ్ళకు నేనూ, నాకు కోళ్ళూ అలవాటైపోయాం.

ఆ రోజు సంత. మమ్మల్ని పిలిచినాయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మిర్చి రైతు. ఆయన అడిగింది దేవుళ్ళ నాటకం. ఆ బృందం వాళ్ళు రాలేమంటే మేం దొరికాం. భోజనంలో వంకాయ, పప్పుచారు, గడ్డపెరుగు పెట్టి, “చీకటి పడకముందే అయిపోవాలండీ. పోలీసు క్యాంపు వాళ్ళు గట్టిగా చెప్పారు” అన్నాడు.

“పగలే ఆడేస్తాం, ఏముందండీ!” అన్నాడు మస్తాన్. అందరం తలూపాం. ఏముందో మాలో ఒక్కడికీ తట్టలేదు.

రెండింటికి మొదలైంది. సంతకొచ్చిన అడవి ఊళ్ళవాళ్ళు ఉప్పూ ఎండుచేపలూ పక్కన పెట్టుకుని నేలమీద కూర్చున్నారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు, ఒక్కరూ లేచి పోనూ లేదు. నా పక్కన ఒక ముసలమ్మ. ఆమెకు ముందుగానే పాఠం చెప్పాను.

“అవ్వా, చివర్ల ఆయన చచ్చిపోయేటప్పుడు ఒక పాట పాడుతడు. బాగుంటే వన్స్‌మోర్ అనాలె. లేచి మళ్ళ పాడుతడు.”

ఆమె నన్ను తేరిపార చూసింది. “చచ్చినోన్ని లేపుతవా? నీకేమన్న బుద్ధున్నదా కొడకా?”

నాలుగున్నరకు పడవవాడు ఒడ్డున పడ్డాడు. మస్తాన్ వేళ్ళు నెమ్మదించాయి. నర్సయ్య పాట ఎత్తుకున్నాడు:

“ఆవలొడ్డున ఉన్నవారలారా, నా తెడ్డు దాచి ఉంచరో,
నీళ్ళు తగ్గిన నాడు వచ్చి నేనే అడిగి తీసుకుంట...”

ఆ రోజు పాడినట్టు ఆయన ఎప్పుడూ పాడలేదు. దీన్ని నేను పెంచి చెప్పడం లేదు, పెంచడానికి చోటు లేదు. పాట ముగిసింది. ఆయన తల వాల్చాడు.

అప్పుడు తెలిసింది మా తెలివి. మా నాటకానికి తెర కొనే స్తోమత ఏనాడూ లేదు. పడవవాడు చావగానే లైట్లు ఆర్పుతాం, ఆ చీకట్లో ఆయన లేచి వెళ్ళిపోతాడు. ఇప్పుడు ఆకాశంలో ఇంకా సూర్యుడున్నాడు, ఆయన్ని ఆర్పేవాడు లేడు. నర్సయ్య ఎండలో శవమై పడి ఉన్నాడు. ముక్కు మీద ఈగ వాలింది. జనం కదల్లేదు. మస్తాన్ ఇంకోసారి చివరి వరుస వాయించాడు. ఎవరూ లేవలేదు.

“నాటకం అయిపోయింది, ఇగ పోవచ్చు” అన్నాను మెల్లగా.

“పీనుగు లేవకముందే ఎట్ల పోతం?” అంది ముసలమ్మ. ముందు వరుసలో మగవాళ్ళకేసి చూసి, “ఏంది చూస్తున్నరు? లేపుండ్రి” అంది.

నలుగురు లేచారు. తలపాగాలు తీసి చంకన పెట్టుకున్నారు. నర్సయ్యను ఎత్తి, తొందరపడకుండా, వేపచెట్టు నీడకు మోసుకెళ్ళారు. జనం లేచి వెనకే నడిచారు. నా గొంతులో సిద్ధంగా ఉన్న వన్స్‌మోర్ అక్కడే ఉండిపోయింది. అరవడానికి సిగ్గేసింది.

ముసలమ్మ వేదిక దగ్గరికి వెళ్ళి, తెడ్డు భుజాన వేసుకుంది.

“అవ్వా, అది మాది!” అన్నాడు మస్తాన్.

“దాయమన్నడు గదా ఆయన? మీరంత విన్లేదా?”

చెట్టు కింద పడుకున్న నర్సయ్య ఒక కన్ను తెరిచాడు. తెడ్డు వెళ్ళిపోవడం చూశాడు. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వనివాడు మళ్ళీ కన్ను మూసుకున్నాడు.

ఐదున్నరకు పొద్దుటి బస్సే దొరికింది. చర్ల వెళ్ళేవాళ్ళకు చెప్పేదేమంటే, తిరుగు ప్రయాణంలో ఎడమవైపు కూర్చోకండి, కొమ్మలు చెంపలు వాయిస్తాయి. కండక్టరు మమ్మల్ని గుర్తుపట్టాడు.

“ఏందన్నా, తెడ్డు మర్చిపోయిండ్రా?”

“లేదు. దాచిపెట్టినం” అన్నాడు నర్సయ్య.

మస్తాన్ నిట్టూర్చాడు. “వన్స్‌మోర్ రాలేదు గదయ్యా. ఇక నాటకం బందేనా?”

నర్సయ్య తలపాగాలవాళ్ళు పట్టుకున్న భుజాలను తడుముకున్నాడు.

“బంద్ ఎట్లయితది మస్తాన్ భాయ్? నీళ్ళు తగ్గినంక మళ్ళ వచ్చి అడగాలె గదా.”

వాళ్ళిద్దరి టికెట్లూ నేనే తీసుకున్నాను. తెడ్డు లేకపోవడంతో బస్సులో అందరూ తలలెత్తుకుని కూర్చున్నారు.