మొదటి మాట మాది

గోదావరికి వరద వచ్చే ముందు ఊళ్ళో దండోరా వేస్తారు. నా నెత్తి మీదికి వచ్చిన వరదకు దండోరా వేసినవాడు లేడు. వేసినా నాకు వినపడేది కాదు, అసలు గొడవంతా అదే. తొంభైల్లో ఒక మంచి శుక్రవారం నాడు, మిట్టమధ్యాహ్నం, నిండు సంఘం చూస్తుండగా మా వంశం పరువు పుట్టి మునిగింది. ముంచింది పగవాడు కాదు, తుపాను కాదు. తెడ్డు నా చేతిలోనే ఉంది.

ముందు మా వంశం గురించి నాలుగు ముక్కలు. నాలుగంటే నాలుగే. ఆ రోజుల్లోనైతే నలభై చెప్పేవాణ్ణి. కొవ్వూరుకు కాస్త దిగువన, కాలవ గట్టు మీది ఊరు మాది. మా తాతగారికి బియ్యపు మిల్లు ఉండేది. నా కాలం వచ్చేసరికి మిల్లు చేతులు మారింది, ఆ తరువాత దాని ఇటుకలు కూడా చేతులు మారాయి. నేను కొవ్వూరులో ఒక ఎరువుల కొట్టులో గుమాస్తాగా చేరాను. అయితేనేం, చర్చిలో మొదటి బెంచీ ఇంకా మాదే. ఆ బెంచీకి వీపు ఆనించి కూర్చున్నవాడు మా ఇంట్లో లేడు. వెన్ను వంగితే వంశం వంగినట్టని తాతగారి సిద్ధాంతం. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటారు కదా. నేను అంతకన్నా ఘనుణ్ణి. మూతి చూపించడమే కాదు, వాసన చూడనివాళ్ళ మీద అలిగేవాణ్ణి.

ఇక అసలు సంగతి. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను మంచి శుక్రవారం నాడు ఏడుగురు వివరించడం మా సంఘంలో ఆచారం. మధ్యాహ్నం పన్నెండుకు మొదలైతే మూడింటి దాకా సాగుతుంది. అందులో మొదటిది, తనను సిలువ వేసినవాళ్ళను క్షమించమని తండ్రిని వేడుకున్న మాట. మా తాతగారు బతికినన్నాళ్ళూ అది ఆయనే చెప్పారు. తరువాత మా నాన్నగారు చెప్పారు. నాన్నగారు పోయాక వచ్చిన మొదటి మంచి శుక్రవారం అది. నేను ఏడాదిగా గొంతు సవరించుకుని కూర్చున్నాను.

ఎవరికే మాటో పాస్టరు గారు ఆదివారం ఆరాధనలో చదివారు. మొదటి మాట సుందరరావుగారికి, అయిదోది నాకు.

సుందరరావుగారు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ళ నాన్న మా మిల్లులో బస్తాలు మోశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆరాధన అవ్వగానే పాస్టరు గారి గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యగారూ, ఎక్కడో పొరపాటు పడ్డారు. మొదటి మాట మాదండి."

"మొదటి మాట ప్రభువుదండి రత్నంగారూ," అన్నారాయన నెమ్మదిగా.

"ప్రభువుదే, కాదన్లేదు. కానీ ఈ ఊళ్ళో దాన్ని మా తాతగారు..."

"ఎప్పుడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, ఈసారి సుందరరావుగారు అడిగారండి. కాదనలేకపోయాను."

"అడగ్గానే ఇచ్చేస్తారా? నేను దీన్ని క్షమించలేనండి. ఆయన్నీ క్షమించను. ఏమీ అనుకోకండి, మిమ్మల్నీ క్షమించను."

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంతకీ తమరు మాట్లాడదామనుకుంటున్నది దేని గురించన్నారు?"

"క్షమాపణ గురించండి."

"మంచిది. తమరు అయిదోదే తీసుకోండి."

ఆ జవాబులోని చురక ఆయన చెప్పినప్పుడు నాకు తగల్లేదు. ఆ తరువాత ఎప్పుడో తగిలింది. ఇంటికెళ్ళి చెబితే, మా ఆవిడ సుగుణకు మాత్రం వినగానే తగిలింది. వంటింట్లోంచి నవ్వు వినిపించింది.

"అయిదోదంటే దాహం మాటే కదండీ? చిన్నదేగా, హాయిగా చెప్పేయొచ్చు."

"మాట చిన్నదే. అవమానం పెద్దది."

"అంత బాధగా ఉంటే మానెయ్యండి."

"మా వంశంలో వెనకడుగు వేసినవాడు లేడు."

"వెయ్యడానికి వెనకాల ఏం మిగిలిందని లెండి! ముందుకే నడవండి."

నడిచాను. ఆ రాత్రే ప్రతిజ్ఞ చేశాను. అయిదో మాటలోనే మొదటి మాట మొత్తం చెప్పెయ్యాలి. 'దాహమవుతోందన్నాడు ప్రభువు. దేనికి దాహం? క్షమించడానికి దాహం!' అంటూ మొదలుపెట్టి, నేరుగా మా తాతగారి మీదుగా మిల్లులోకి వెళ్ళి, మిల్లులోంచి పరలోకంలోకి తేలాలి. ఈ దెబ్బతో సుందరరావుగారి ప్రసంగం ఎవరికీ గుర్తుండకూడదు. పైగా దాహం గురించి చెప్పేవాడికి దాహం తెలియాలి కాబట్టి, గురువారం సాయంత్రం నుంచి శుక్రవారం ప్రసంగం ముగిసేదాకా చుక్క నీళ్ళు ముట్టనని తీర్మానించాను. తీర్మానం మనసులో ఉంచుకుంటే ఏం లాభం? వెళ్ళి టీ కొట్టు దగ్గర ప్రకటించాను.

సుందరరావుగారు అక్కడే ఉన్నారు. "ఎండలు చంపేస్తన్నాయి బాబూ," అన్నారు పాపం. "కాలవలు కూడా కట్టేశారు, గాలిలో తడి లేదు. కాస్త మజ్జిగన్నా పుచ్చుకోండి."

"మీరు పుచ్చుకోండి సుందరరావుగారూ. మీ మాటకు దాహం అక్కర్లేదు," అన్నాను. ఎంత బాగా అన్నానో అని ఇంటి దాకా మురిసిపోతూ వెళ్ళాను.

శుక్రవారం వచ్చింది. చర్చి నిండా తెల్లబట్టలు. పాట మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. మొదటి బెంచీలో, వీపు ఆనకుండా, కర్ర మింగినవాడిలా నేను. సుందరరావుగారు ప్రసంగపీఠం ఎక్కారు. ఆయన నోరు తెరవగానే నా చెవులకు, వేసవిలో మా కాలవకు పడ్డట్టే, లాకు తలుపులు పడిపోయాయి. వినడానికి నాకు తీరికెక్కడిది? నా ప్రసంగంలో ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. 'మా తాతగారు నాటిన క్షమా వృక్షం' అనాలా, 'నిలిపిన క్షమా స్తంభం' అనాలా? వృక్షమైతే నీడ ఉంటుంది. స్తంభమైతే పొగరు, క్షమించాలి, పటుత్వం ఉంటుంది. అవతల ఏదో గొంతు దూరాన మిల్లు ఆడుతున్నట్టు వినిపిస్తోంది. వృక్షమే మేలని తేల్చుకుని గంభీరంగా తల ఊపాను.

ఉన్నట్టుండి మిల్లు ఆగింది. తల ఎత్తి చూస్తే సుందరరావుగారు నా వంకే చూస్తున్నారు. సంఘమంతా నా వంకే చూస్తోంది. ఆడవాళ్ళ వైపు నుంచి సుగుణ కళ్ళు ఇంతలేసి చేసుకుని చూస్తోంది. మాట పోగొట్టుకున్న వారసుడి మీద జాలి కాబోలు అనుకున్నాను. జాలిని కూడా హుందాగా స్వీకరించాలి కనుక ఇంకోసారి, మరింత నెమ్మదిగా, తల ఊపాను. సుందరరావుగారు పైపంచెతో మొహం తుడుచుకుంటూ దిగిపోయారు. వెనక బెంచీల్లో చాలామంది కళ్ళు తుడుచుకుంటున్నారు. చెమట అనుకున్నాను.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్నెందుకు కొరుకుతున్నావని అడిగాడట. వాడే నయం, కనీసం అడిగాడు. నేను తల ఊపాను.

రెండు, మూడు, నాలుగు మాటలు కూడా అలాగే నా మీదుగా జారిపోయాయి. అయిదో మాటకు నా పేరు పిలిచారు. లేచాను, నడిచాను, పీఠం ఎక్కాను. రెండు చేతులూ అంచు మీద వేసి తాతగారిలా సంఘాన్ని ఒకసారి కలయజూశాను. నోరు తెరిచాను.

గాలి వచ్చింది. మాట రాలేదు.

నాలుక అంగిట్లో బిరడాలా బిగుసుకుపోయింది. మళ్ళీ ప్రయత్నించాను. పాత తలుపు తీసినట్టు కిర్రుమంది. కళ్ళ ముందు తెల్లబట్టలన్నీ కలిసి పాలవెల్లిలా తిరుగుతున్నాయి. వృక్షమూ లేదు, స్తంభమూ లేదు. వంశంలో పేరుకున్న శక్తినంతా కూడగట్టుకుని ఒక్క మాట అన్నాను.

"నీళ్ళు."

అందరికన్నా ముందు లేచింది సుందరరావుగారే. ఆ వయసులో బయటి బోరింగు దగ్గరికి పరుగెత్తి, చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఊరంతటికీ ప్రకటించిన వ్రతం, ఎవరికి ప్రకటించానో వాళ్ళందరి ఎదుట, ఎవరి మీద పంతంతో పట్టానో ఆయన చేతి చెంబుతో, చొక్కా మీద సగం పోసుకుంటూ గటగటా తాగేశాను. నీళ్ళతోపాటు ప్రసంగం కూడా కడుపులోకి దిగిపోయింది. తడుముకుంటే ఒక్క ముక్క లేదు. "ఆమేన్," అని దిగి వచ్చాను.

వెనక నుంచి ఒక ముసలమ్మ పైకే అంది. "అయిదో మాట ఇంత సూటిగా చెప్పినోళ్ళని నేనెరగను నాయనా!"

చెప్పడానికి నా దగ్గర ఇక ఏమీ మిగల్లేదు కనుక ఆరో మాటా ఏడో మాటా విన్నాను. నిజంగా విన్నాను. ఆరో మాట చెప్పింది మా బడి పంతులమ్మ. గొప్ప ప్రసంగమేమీ కాదు. అయినా ప్రతి మాటా, ఎండిన చేలో తడి పెట్టినట్టు, నేరుగా లోపలికి దిగింది. ఇన్నాళ్ళూ ఇలాంటివి వారం వారం నా పక్కనుంచే పారుతూ సముద్రంలో కలిసిపోయాయా అనిపించి గుండె కలుక్కుమంది.

బయటికి రాగానే సుందరరావుగారు ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఆదివారం ఎన్నింటికొస్తారు బాబూ?"

"ఎక్కడికండీ?" అనబోయాను. సుగుణ మోచెయ్యి నా డొక్కలో దిగింది.

"ఆరాధన అవ్వగానే వచ్చేస్తామండి. అక్కయ్యగారిని ఎక్కువ హైరానా పడొద్దనండి," అంది సుగుణ.

మలుపు తిరిగాక ఆగాను. "ఎక్కడికి వచ్చేస్తామన్నావ్?"

"అదేంటండీ, మీరే కదా తలూపారు! ఒకసారి కాదు, రెండుసార్లు!"

"దేనికి?"

సుగుణ గొడుగు పక్కకు వంచి నా మొహంలోకి చూసింది. "మీరు... వినలేదా?"

అప్పుడు చెప్పింది. సుందరరావుగారు చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు ఒక ఈస్టరు నాడు, తెలియక వచ్చి మొదటి బెంచీలో కూర్చున్నారట. మా తాతగారు చెవి పట్టుకుని లేపి, సంఘం చూస్తుండగా వెనక గుమ్మం దాకా నడిపించారట. ఆ తరువాత లేచి ఎప్పటిలాగే క్షమాపణ మీద ప్రసంగించారట. ఆ రోజు నుంచి మొదటి మాట విన్నప్పుడల్లా సుందరరావుగారికి వాక్యం కాక చెవి మంటే తెలిసేదట. 'ఆ మంటతో నా గుండె తలుపు నేనే మూసేసుకున్నాను. ఈ రోజు తీస్తున్నాను. పెద్దాయన్ని క్షమించాను. వారి మనవడు ఇక్కడే ఉన్నారు. ఈస్టరు నాడు మా ఇంట్లో మాతోపాటు ఒక ముద్ద తింటారా బాబూ?' అని పీఠం మీదనుంచి అడిగారట.

నేను గంభీరంగా తల ఊపానట.

క్షమించాల్సినవాణ్ణి నేనేనని వారమంతా పొంగిపోయాను. తీరా చూస్తే క్షమాపణ అందాల్సిన ఇల్లే మాది. అందుతున్నప్పుడు నేను వృక్షమా స్తంభమా అని చూసుకుంటున్నాను! అయినా పాత రక్తం ఊరుకోదు కదా. మా తాతగారి మనవడు వాళ్ళ గుమ్మం తొక్కడమా?

"జ్వరమొచ్చిందని కబురు పెడదామా?" అన్నాను.

"పెట్టండి. సంఘం ముందు ఇచ్చిన మాటకి జ్వరమొచ్చిందని చెప్పండి."

అక్కడ పట్టేసింది నన్ను. ఇచ్చిన మాట తప్పడం మా వంశంలో లేదు. వినకుండా ఇచ్చినా మాట మాటే. సరే, దేవుడు నా పొగరును కూడా గుర్రంలా కట్టి బండి లాగించుకుంటున్నాడని అర్థమైంది. వెళ్ళి తీరాలి. వెళ్ళడమే కాదు, వినలేదన్న నిజం కూడా చెప్పి తీరాలి. దొంగ తలూపుడు మీద తినే అన్నం నాకు అరగదు.

ఈస్టరు నాడు వెళ్ళాం. చాప వేసి, అరిటాకుల్లో గారెలు, కోడికూర వడ్డించారు. సుందరరావుగారి భార్య కొసరి కొసరి వేస్తోంది. నేను మొదటి ముద్ద చేతిలో పట్టుకుని వెన్ను నిటారుగా చేశాను.

"సుందరరావుగారూ, తినే ముందు ఒక సంగతి చెప్పాలండి."

"ముందు తినండి," అంది సుగుణ గాభరాగా.

"లేదు, చెప్పాల్సిందే. శుక్రవారం నాడు మీరు చెప్పిందాంట్లో నేను ఒక్క ముక్క వినలేదండి. నా ధ్యాసలో నేను తలూపాను. మా ఆవిడ చెబితే తెలిసింది. తెలిశాక మాత్రం నా అంతట నేనే వచ్చాను. మా తాతగారు చేసింది తప్పు. నేను చేసింది అంతకన్నా తప్పు. క్షమించండి."

గారె వడ్డిస్తున్న చెయ్యి గాల్లో ఆగింది. సుందరరావుగారు నన్ను తేరిపార చూశారు. తరువాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు.

"నాకు తెలుసు బాబూ."

"తెలుసా?"

"జీవితమంతా బస్సుల్లో గడిపినోణ్ణి. 'టికెట్టు తీసుకున్నారా' అంటే విని తలూపేవోడెవడో, వినకుండా తలూపేవోడెవడో నాకు తెలీదా? నేనింకా అడగకముందే మీరు ఒకసారి ఊపేశారు."

"మరి తెలిసే ఎందుకడిగారండీ?"

"వింటే ఒప్పుకుంటారా ఏంటి? అందుకే అదను చూసి అడిగాను. ముద్ద చల్లారిపోతంది, తినండి!"

తిన్నాను. రెండోసారి అడిగి వేయించుకున్నాను. ఎప్పుడు ఆనిందో తెలియదు, లేచేటప్పుడు చూసుకుంటే నా వీపు వాళ్ళ గోడకు ఆని ఉంది. చొక్కా నిండా సున్నం.

కనుక పాఠకులారా, సాక్షులుగా ఉండండి. మా వంశం మీద, పోయిన మిల్లు మీద, దాని ఇటుకలు ఇప్పుడు ఎవరి గోడలో ఉంటే ఆ గోడ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. దేవుని వాక్యం వినే చోట నా ప్రసంగం నేను రాసుకోను. వచ్చిన మాట ఎవరికి తగలాలో లెక్కలు వెయ్యను, ముందు నాకే తగలనిస్తాను. గుండె తలుపు బార్లా తెరిచి కూర్చుంటాను. తల ఊపడమంటూ ఉంటే, మాట మొత్తం విన్నాకే ఊపుతాను. కోడికూరకు పిలిచినా సరే.