పాత మార్కెట్టులో అయిపోని నాటకం

నాటకాలు వేసి పరువు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నాటకం వేసి మున్సిపాలిటీ చేతిలోంచి ఏకంగా ఒక హాలునే పోగొట్టినవాడు మాత్రం మా జిల్లాలో నేనొక్కణ్ణే అనుకుంటాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు. ఉన్న సిగ్గంతా ఆ రోజు వంకాయల కింద పడి నలిగిపోయింది.

ఎనభైల మొదట్లో సంగతి. మంచిర్యాలకు రైల్లో కాస్త దూరంలో మా ఊరు. అక్కడ నిజాం కాలంనాటి కూరగాయల మార్కెట్ హాలు ఉండేది. రాతి స్తంభాలు, ఎత్తైన పైకప్పు, మే నెలలో కూడా కాళ్లకు చల్లగా తగిలే బండల నేల. మరమ్మతులని చెప్పి అమ్మేవాళ్లందరినీ బస్టాండు వెనక మైదానంలోకి పంపేశారు. అక్కడ షెడ్లు వేస్తామన్నారు. షెడ్లూ రాలేదు, మరమ్మతులూ మొదలు కాలేదు. హాలుకు వేసిన తాళం మాత్రం శ్రద్ధగా తుప్పు పట్టింది.

నేనప్పుడు డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం రాక, హైదరాబాదులో ఒక నాటకం చూసొచ్చాను. అందులో నటులు వేదిక దిగి జనం మధ్య తిరిగారు. ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి మరీ ఏడ్చాడు. అంతే. పిచ్చికుక్క కరిచినవాడికి నీళ్లంటే భయం పట్టుకున్నట్టు, నాకు వేదిక అంటే భయం పట్టుకుంది. ఇక నాటకమంటూ వేస్తే జనం మధ్యలోనే వెయ్యాలి. దానికి పాత మార్కెట్టే కావాలి.

నా స్నేహితుడు మల్లేశాన్ని వెంటబెట్టుకుని కమిషనర్ దగ్గరికి వెళ్లాను. మల్లేశం టైలరు. గొంతు పెద్దది, మీసం ఇంకా పెద్దది.

"మార్కెట్టును కళామందిరం చేస్తం సార్. కుర్చీలుండవు, తెర ఉండది. చూసేటోళ్లు గూడ నాటకంల ఉంటరు" అన్నాను.

కమిషనర్ కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. నేను చెప్పింది ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆయన ముఖం వెలిగిపోయింది.

"తప్పకుండా చెయ్యండయ్యా. కళలు పెరగాలి. అక్కడ మీరుంటే ఆ కూరగాయలవాళ్లు రోజూ వచ్చి నా ప్రాణం తియ్యడం మానేస్తారు."

ఆ చివరి మాట నా చెవిలో పడింది గానీ బుర్ర దాకా పోలేదు. దారిలో చప్పట్ల చప్పుడు అడ్డొచ్చింది. చప్పట్లు ఎవరు కొడుతున్నారంటారా? నేనే, లోపల్లోపల.

తర్వాత మైదానానికి వెళ్లాను. అక్కడ అమ్మే ఆడవాళ్లందరికీ రాజవ్వ పెద్దదిక్కు. ఎర్రటి ఎండలో తోటకూర మీద తడిగోనె కప్పుతోంది. ఇటు కప్పేలోపలే అటు గోనె ఆరిపోతోంది. ఆమె నెత్తి మీద కొంగు తప్ప నీడ లేదు. అదంతా కళ్లారా చూస్తూ నేను కళ గురించి మాట్లాడాను. నా తెలివి అలాంటిది.

"మా జాగ నీకిచ్చిండ్రట గద కొడుకా" అంది రాజవ్వ.

"నాకు కాదు రాజవ్వా, కళకిచ్చిండ్రు."

"కళ ఎవలు? నీ పెండ్లామా? మాకు జెప్పకుంటనే లగ్గం జేసుకున్నవా?"

కళ అంటే ఏమిటో ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు. అందుకని నేరుగా అసలు విషయానికి వచ్చాను. "మీరందరు గంపలు తీస్కొని రాండ్రి. మీ పాత జాగలల్ల కూసొని ఎప్పటిలెక్కనే అమ్ముండ్రి. నాటకం మీ నడుమ నడుస్తది. మీరు గూడ పాత్రలే."

"మాట్లాడేది ఉంటదా?"

"ఒక్కటే మాట. రాజుగారి అధికారి అచ్చి అంగడి ఖాళీ చెయ్యమంటడు. మీరు 'పోం' అనాలె."

రాజవ్వ గోనె పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "గంతేనా? గది మాకు నేర్పే పని లే" అంది.

కథ ఇది. ఒక రాజు అంగడిని ఖాళీ చేయించి గుర్రాలశాల పెట్టాలనుకుంటాడు. అధికారిగా మల్లేశం వచ్చి గద్దిస్తాడు. జనం మూడుసార్లు "పోం" అంటారు. అప్పుడు మంత్రి వేషంలో నేను అయిదు పేజీల ఉపన్యాసం ఇస్తాను. అది విని జనం మనసు మారి, దీపాలు పట్టుకుని ప్రశాంతంగా వెళ్లిపోతారు. అవును, వెళ్లిపోతారనే రాశాను. ఆ ముగింపు చదివి నేను రెండుసార్లు కన్నీళ్లు కూడా పెట్టుకున్నాను.

నాటకం రోజు సాయంత్రం ఊరంతా హాలుకు వచ్చింది. నాటకం చూడ్డానికి వచ్చినవాళ్లు వంకాయలు చూసి బేరంలో పడ్డారు. కమిషనర్ కుర్చీ కోసం నలుదిక్కులా వెతుకుతుంటే రాజవ్వ గోనె పరిచింది.

"కూసో సారూ. గీ తరాజు జర పట్టుకో."

ఆయన మురిసిపోయి ఆ తూచే తరాజు పట్టుకున్నాడు. "ఎంత సహజంగా నటిస్తున్నారయ్యా" అన్నాడు నాతో.

మల్లేశం చెక్కకత్తి తిప్పుకుంటూ వచ్చి "జాగ ఖాళీ చెయ్యుండ్రి" అని గర్జించాడు.

"పోం."

పైకప్పులో పావురాలు ఎగిరిపోయాయి. రెండోసారి కొనేవాళ్లు కూడా గొంతు కలిపారు. మూడోసారి ఆ ఊపులో కమిషనర్ కూడా తరాజు పైకెత్తి "పోం" అన్నాడు. మల్లేశం తర్వాతి మాట మరిచిపోయి, కత్తి చంకలో పెట్టుకుని నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

నేను ఉపన్యాసం అందుకున్నాను. మొదటి పేజీలో ఎవరో కొత్తిమీర అడిగారు. రెండో పేజీలో నా పెట్టుడు మీసం ఒకవైపు ఊడింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మా హాల్లో వినేవాళ్లకు చెప్పేవాడు లోకువయ్యాడు.

"అయిపాయెనా కొడుకా?" అంది రాజవ్వ.

"ఇంక మూడు పేజీలున్నయి."

"అయితె జర పక్కకు జరిగి చెప్పు. బేరం ఆగుతున్నది."

పక్కకు జరిగే చెప్పాను. చివర చేతులు చాచి "ఇక పోదాం రండి" అన్నాను.

"పోం."

నేను వంగి మెల్లగా అన్నాను. "రాజవ్వా, గా మాట అయిపోయింది. ఇప్పుడు నిజంగనే పోవాలె."

"ఎటు?"

"మైదానంలకు."

"పోం" అంది ఆమె, నా అంత మెల్లగానే.

కమిషనర్ లేచి చప్పట్లు కొట్టాడు. "అద్భుతం. నాటకం పూర్తయ్యేదాకా ఈ హాలు జోలికి ఎవరూ రారు. మాటిస్తున్నాను" అని ఊరందరి ముందూ ప్రకటించి, వంకాయలు పట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

తెల్లారినా ఒక్కరూ కదల్లేదు. విప్పి పెట్టిన నా ప్యాంటూ చొక్కా ఎవరి ఉల్లిగడ్డల గుట్ట కిందో ఉండిపోవడంతో నేను కూడా మంత్రిగానే తెల్లవారాను. పొద్దున్నే మా నాన్న సంచీతో వచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"టమాట ఎట్ల?"

"నేను అమ్ముతలేను బాపూ. ఇది మంత్రి ఏసం."

"మంత్రివైతె అయినవు గని, మంచియి ఏరి ఇయ్యి."

ఏరుతుండగా కమిషనర్ వచ్చాడు, ఇద్దరు బంట్రోతులతో.

"ఏమయ్యా, నాటకం ఎప్పుడు అయిపోతుంది?" అని నన్ను స్తంభం చాటుకు లాగి గొంతు తగ్గించాడు. "అయిపోయిందని ఒక్క మాట ప్రకటించు. వీళ్లను నేను పంపించుకుంటాను. హాలు శాశ్వతంగా నీదే. కళామందిరం అని బోర్డు పెట్టుకో."

నా కల అది. నా నోట్లోంచి రావలసింది ఒక్క మాటే. అటు చూస్తే తరాజులన్నీ ఆగిపోయాయి. రాజవ్వ ముందు, చల్లటి బండ మీద, తోటకూర గోనె లేకుండానే పచ్చగా నిలబడి ఉంది. నేనక్కడుంటే కూరగాయలవాళ్ల పీడ వదులుతుందని కమిషనర్ మొదటిరోజు అన్న మాట అప్పుడు చేరింది నా బుర్రకు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదంటారు. నా తల రోట్లో పెట్టింది రాజవ్వే గానీ, తల మాత్రం నాదే కదా.

"నాటకం ఇంక అయిపోలే సార్" అన్నాను అందరికీ వినపడేలా.

"ఇంకా ఎన్ని అంకాలున్నాయయ్యా?"

"రాస్తున్న సార్."

"నీ మీద కేసు పెడతాను."

"పెట్టుండ్రి. నిన్న మూడోసారి 'పోం' అన్నోళ్లల్ల మీరు గూడ ఉన్నరు. ఊరంత ఇన్నది."

మార్కెట్టంతా గొల్లున నవ్వింది. బంట్రోతులు నవ్వు ఆపుకోలేక పైకప్పు కేసి చూశారు. కమిషనర్ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత తనిఖీకి ఎవరొచ్చినా మల్లేశం కత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడి "నాటకం నడుస్తున్నది, లొల్లి చెయ్యకుండ్రి" అనేవాడు. కొన్నాళ్లకు కమిషనర్ బదిలీ అయ్యాడు. కొత్తాయన కూరగాయలు కొనుక్కోవడానికే వచ్చాడు, కొనుక్కుని వెళ్లాడు. మార్కెట్టు మార్కెట్టుగానే నిలిచింది. దానికి సెలవుండే రోజు సాయంత్రం మాత్రం హాలు మాది. ఉల్లిపొట్టు ఊడ్చుకుని, గోనెల మీద జనాన్ని చుట్టూ కూర్చోబెట్టి, చాలా ఏళ్లు వాళ్ల మధ్యనే నాటకాలు ఆడాం.

ఒకసారి కరీంనగర్‌లో నాటక పోటీలకు ఆ మార్కెట్టు నాటకమే పట్టుకు రమ్మని పిలుపొచ్చింది. ఎగురుకుంటూ వెళ్లి రాజవ్వకు చెప్పాను.

"ఆడ ఎవలనన్న ఎల్లగొట్టిండ్రా?" అంది.

"లేదు, ఉత్త పోటీలే."

"ఎవలను ఎల్లగొట్టనప్పుడు నాటకం దేనికి కొడుకా?"

అంతటితో నా కళాజీవితానికి విమర్శ పూర్తయింది. కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట జనానికి డైలాగు నేర్పను, ఒక్క మాటదైనా సరే. అయితే నేను మాట మీద నిలబడే మనిషిని కానని మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకని దయచేసి ఎక్కడైనా ఎవరినైనా నీడలోంచి ఎండలోకి తరుముతుంటే, ఆ కబురు నాదాకా రానివ్వకండి.