అవుకామె బాణీ

ఆ కాలంలో ఆళ్లగడ్డలో మా వాకిటి ముందు చెప్పులేసుకుని నడిచినవాడు లేడు. (తర్వాత బస్టాండుకు దగ్గర దారి అని ఊరంతా మా వాకిట్లోంచే పోయింది, అది వేరే సంగతి.) మా ముత్తాతను ఏనుగాయన అనేవారు, ఒకసారి ఏనుగెక్కాడు కనుక. ఆయన తండ్రి కోటాయన. కోట ఎక్కడుందో ఎవరికీ తెలియదు గానీ పేరుకు లోటు రాలేదు. మా తాత పియానో ఆయన. బదిలీ మీద పోతున్న తెల్లదొర దగ్గర పియానో కొని, ఎడ్లబండి మీద ఊరేగించి తెచ్చాడు. ఏడు తరాల మగవాళ్ల పేర్లు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. డెబ్బైల చివరికి మాకు ఏటా తప్పకుండా పండే పంట అదొక్కటే. ఇక ఆయుధపూజ నాడు తుపాకికి, బండి ఇరుసుకు, పియానోకు వరుసగా ఆముదం పట్టించేవాళ్లం. తుపాకి పేలేది కాదు, బండి కదిలేది కాదు, పియానో మోగేది కాదు. మర్యాదకు మాత్రం లోపం లేదు.

అలాంటి రోజుల్లో నంద్యాల టీచరమ్మ కూతురు మా గడప తొక్కింది. మద్రాసులో పియానో నేర్చి, విదేశాల్లో కచేరీలు చేసి వచ్చిన మనిషి. ఆమెకు ఒకటే పిచ్చి: ఆడవాళ్లు కట్టిన సంగీతాన్ని వెదికి వేదికెక్కించడం. మొగుళ్ల పేరుతోనో అన్నల పేరుతోనో చలామణి అయిన బాణీలు నిజంగా ఎవరివో తవ్వి తీస్తుందట. (తవ్వకాలు పక్కవాళ్ల ఇళ్లలో జరిగితే చూడముచ్చటగా ఉంటాయి.) నంద్యాలలో క్రిస్మస్ ముందు కచేరీ పెట్టుకుంది, అక్కడున్న పియానోను చెదలు తినేశాయి, మాది కావాలి.

"ఇస్తాం," అన్నాను నడుం నిటారుగా పెట్టి. "కానీ మొదట మా తాత కట్టిన బాణీ వాయించాల. ఆయన పేరు మైకులో చెప్పాల." మా ఇంటి పెళ్లిళ్లలో వరుడు గడప దగ్గరికి రాగానే మేళగాళ్లు వాయించే బాణీ అది. మా ఇంటి గొప్ప నలుగురి ముందు వినబడడానికి అదే ఆఖరి అవకాశమని నాకు తెలుసు.

"నేను ఆడోళ్లు కట్టినవే వాయిస్తానన్నా."

"అయితే పియానో కదలదమ్మా." (అది ఎటూ కదిలే స్థితిలో లేదు.)

మూల కూర్చుని కందులు చెరుగుతున్న మా మేనత్త చేట ఆపింది. "ఒరే, మా నాయనకు భజనలో చప్పట్లు గూడా తిన్నగా పడవు. ఆ బాణీ మా అమ్మది. మద్దేన్నం మగోళ్లు నిద్రపోతాంటే వాయిస్తాండె. ఏందా సద్దు అని మా నాయన అరిస్తే, పిల్లి తొక్కిందిలే అంటాండె."

వచ్చినామె కుర్చీ దిగి చేట పక్కన చతికిలబడింది. అత్త పాడింది, ఆమె వింది. తర్వాత నా వైపు తిరిగి, "అన్నా, మొదట ఇదే వాయిస్తా. ఆమె పేరేంది?" అంది.

"అవుకామె."

మా ఇంటికొచ్చిన కోడళ్లను పుట్టినూరి పేరుతో పిలవడం ఆచారం. అవుకామె, ఉయ్యాలవాడామె, కొత్తపల్లామె. మా వంశవృక్షంలో ఆడవైపు చదివితే కండక్టరు ఊళ్లు అరుస్తున్నట్టుంటుంది.

"అది ఊరన్నా. ఊర్లు బాణీలు కడతాయా?"

అత్త వైపు చూశాను. "నేను అమ్మా అంటి, మా నాయన ఏమే అనె," అందామె. జేజి (నాయనమ్మను మేము అలాగే అంటాం) చేతి మీద పచ్చబొట్టు ఉండేది కదా అని గుర్తు చేశాను. "ఉండె. మా నాయన పేరు."

"పేరు లేకపోతే వాయించను," అంది నంద్యాలామె. "ఖాళీగా వదిల్తే ఇంగొకరొచ్చి కూచుంటారు. చూస్తాండావు గదా!"

మర్నాడు అవుకు బస్సులో దారంతా నిలబడే వెళ్లాను. జేజి తమ్ముడు ముసలాయన మంచం మీదున్నాడు. "ఏందప్పా, ఏనుగు దిగి బస్సెక్కినారా?" అన్నాడు. సంగతి చెబితే దగ్గొచ్చేదాకా నవ్వాడు. "మా అక్క బతుకంతా మీ ఇంట్లోనే వండిపెట్టె. పేరు కోసం ఈడికొచ్చినావా? గట్టిగా అడుగు, ఈదంతా వినాల." వీధంతా వినేలా అడిగాను. అప్పుడు చెప్పాడు.

పియానో శ్రుతి చేయడానికి మద్రాసు నుంచి వచ్చినాయన మూత తీసి, ఇందులో ఎవరు బజ్జీలు వేశారని అడిగాడు. ఆముదం తుడవడానికి అత్త పాత చీరలన్నీ అయిపోయాయి. ఎట్టకేలకు పియానో నంద్యాల చేరింది, కచేరీ మొదలైంది. ఆమె మైకు దగ్గరికొచ్చి, "ఈ బాణీ కట్టింది సుంకులమ్మ. పుట్టినూరు అవుకు," అని కూర్చుంది. అంతే. ఏనుగాయన లేడు, కోటాయన లేడు, పియానో ఆయన అసలే లేడు. డోలు మోతలో తప్ప నేనెప్పుడూ వినని బాణీ అది. ఒంటరిగా వింటే పెళ్లికొడుకు రాకలా లేదు. నిద్రపోతున్న ఇంట్లో ఎవరూ లేవకుండా అడుగేసే మనిషిలా ఉంది. మధ్యలో అత్త అందరికీ వినబడేలా, "ఆడ మా అమ్మ రవ్వంత ఆగతాండె!" అంది. నంద్యాలామె చేతులెత్తి, వెనక్కి వెళ్లి, మళ్లీ వాయించి, అక్కడ ఆగింది.

నా వెనకాల ఎవరో, "ఎవరప్పా ఈ సుంకులమ్మ?" అన్నారు.

"మా జేజి," అన్నాను, పుట్టినప్పటినుంచీ ఆ పేరు తెలిసినవాడిలా, నడుం ఇంకొంచెం నిటారుగా పెట్టి. కుర్రవాడిగా నాకున్న ఆ ధైర్యం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఏడు తరాల పేర్లలో ఇప్పుడు రెండు మూడు తడుముకుంటున్నాను గానీ, ఆ ఒక్కటి మాత్రం తడుముకోను.

పియానో మళ్లీ ఆళ్లగడ్డకు రాలేదు. నంద్యాలలోనే అమ్మేశాం. బండిని ఆ ఎండాకాలం కట్టెల కింద అమ్మాం.