ఇరవై నాలుగు గ్లాసులు, మూడు సాసర్లు

ఖో-ఖో మ్యాచ్‌లో ఆట నడిచేది ఇరవై ఎనిమిది నిమిషాలు. ఏడు నిమిషాల చొప్పున నాలుగు దఫాలు. మధ్య విరామాలను నేను లెక్కలో వేయను. వన్డే క్రికెట్ పొద్దున తొమ్మిదికి మొదలైతే సాయంత్రం దాకా సాగుతుంది. మన దేశంలో మిగతా ఆటలను ఎందుకు పట్టించుకోరని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ లెక్క చెబుతాను. సర్కారుకు శ్రద్ధ లేదనీ, పైసలు లేవనీ పెద్దవాళ్లు అంటారు. అవీ నిజమే కావచ్చు. గోదావరిఖనిలో ఆడపిల్లల బడిలో వ్యాయామ టీచరుగా పనిచేసిన నాకు కనిపించిన కారణం మాత్రం షిఫ్టులు.

రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు స్నానం చేసి, మొదటి పది ఓవర్లు చూసి పడుకుంటాడు. లేచేసరికి ఆట ఇంకా ఉంటుంది. రెండో షిఫ్టువాడు మధ్యాహ్నం వరకు చూసి డ్యూటీకి పోతాడు. మొదటి షిఫ్టువాడు మూడింటికి బొగ్గు బాయిలోంచి పైకి వచ్చి ఆఖరి ముక్క చూస్తాడు. ముగ్గురికీ తలా ఇంత అందుతుంది. పైగా బంతికీ బంతికీ మధ్య బీడీ ముట్టించుకోవచ్చు, చాయ్ చెప్పవచ్చు, కెప్టెన్‌కు బుద్ధి చెప్పవచ్చు. ఖో-ఖోలో బీడీ ముట్టించి తలెత్తేసరికి ఇద్దరు అవుటై ఉంటారు. తన సలహా లేకుండా సాగిపోయే ఆటను మగవాడు ఎక్కువసేపు చూడడు.

ఇది ఊరికే అనడం లేదు. 1987 నవంబరు 5, గురువారం, మా బడి జట్టు ఖో-ఖో ఫైనల్. అదే రోజు బొంబాయిలో ఇంగ్లండుతో మనవాళ్ల ప్రపంచ కప్ క్రికెట్ సెమీఫైనల్. మా మ్యాచ్ తేదీ నెల ముందే వేశారు. వేసినవాళ్లకు ఆ రోజు సెమీఫైనల్ ఉంటుందని తెలియదు. తెలిశాక వాయిదా వేస్తారేమో అనుకున్నాను. వాయిదా వేయాలన్నా మా మ్యాచ్ ఒకటి ఉందని ఎవరికైనా గుర్తుండాలి కదా.

ఆ ఫైనల్ మీద ఒక పిల్ల చదువు ఆధారపడి ఉంది. మా కెప్టెన్ పదో తరగతి. తండ్రి బాయిలో బొగ్గు తట్టలు నింపే కార్మికుడు. ఫైనల్ గెలిచిన జట్టు జిల్లా పోటీలకు పోతుంది. అక్కడ బాగా ఆడిన పిల్లలకు ఆటల హాస్టల్‌లో సీటు, ఇంటర్ చదువు. తండ్రి నాకు ముందే చెప్పాడు:

"గెలిచిన కాయితం తెస్తే పంపుత, మేడం. లేకుంటే పది చాలు. ఇంట్ల అవ్వకు ఆసరా ఐతది."

ఫలితం రాసే ఫారం ఒకటే. సాయంత్రం ఆరు గంటల బస్సులో జిల్లా ఆఫీసుకు చేరాలి.

సరిగ్గా నాలుగింటికి ఆట మొదలైంది. రిఫరీ ఒక ఆఫీసు గుమాస్తా. ఎదుటి బడి టీచరు పిల్లలను ఆయాకు అప్పజెప్పి అప్పటికే క్లబ్బులో టీవీ ముందు కూర్చున్నాడు. క్లబ్బు మైదానం పక్కనే. అక్కడ కేక వినిపించినప్పుడల్లా రిఫరీ మెడ అటు తిరిగేది. మూడో దఫా అయ్యేసరికి ఆయన ఇక ఆగలేకపోయాడు.

"మేడం, మీరు లెక్క తప్పరు. ఆఖరిది మీరే చూస్కోండ్రి. ఇప్పుడే వస్త" అని విజిల్ నా చేతిలో పెట్టాడు.

"నేను కోచ్‌ను సార్. కోచ్ రిఫరీ ఎట్ల ఐతది?"

"ఎవరు చూడొచ్చిండ్రు?" అంటూనే సగం దూరం పోయాడు.

ఆ మాట నిజమే. ఫైనల్‌కు ప్రేక్షకులు సున్నా అని నా రిజిస్టరులో రాసుకున్నాను. ఆఖరి ఏడు నిమిషాల్లో మా పిల్లలు ఆరుగురిని అవుట్ చేశారు. ఆరో పిల్లను మా కెప్టెన్ మోకాళ్లు గీసుకుపోయేలా దూకి పట్టింది. పద్నాలుగు, పదమూడు. ఒక్క పాయింటుతో గెలిచాం. ఎదుటి జట్టు పిల్లలు కళ్లు తుడుచుకుని ఆయాతో పాటు బస్సెక్కి వెళ్లిపోయారు.

ఫారం పట్టుకుని క్లబ్బు గుమ్మంలో నిలబడ్డాను. లోపల పొగ, నిశ్శబ్దం. అంతదాకా కేకలు వేసిన మనుషులందరూ గోడల్లా కూర్చున్నారు. ఆట ముగిసింది, మనవాళ్లు ఓడిపోయారు. మా కెప్టెన్ తండ్రి ముందు వరుసలో తల పట్టుకుని ఉన్నాడు. రిఫరీ నా చేతిలోంచి ఫారం తీసుకుని, టీవీ వైపే చూస్తూ రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. నేను చదవకుండా ఏ కాగితమూ తీసుకోను. ఫలితం గడిలో ఇలా ఉంది: ముప్పై అయిదు పరుగుల తేడాతో ఓటమి.

"ఇదేంది సార్?"

"ఓడిపోయినం మేడం" అన్నాడు.

"ఎవరు?"

"మనమే. ఇంకెవరు?"

"మీరు ఓడిండ్రు. మేం గెలిచినం. ఖో-ఖోలో పరుగులెక్కడివి?"

అప్పుడు ఫారం చూశాడు. ముఖం మారింది. అయినా గుమాస్తా గుమాస్తాయే.

"ముద్ర పడ్డది మేడం. కొట్టేసి రాయాలంటే సాక్షి ఉండాలె. కోచ్ మీరే, రిఫరీ మీరే, సాక్షి గూడ మీరేనంటే రేపు నన్ను అడుగుతరు."

"మైదానం విడిచి పొమ్మని నేను చెప్పిన్నా?"

ఆయన మళ్లీ టీవీ వైపు తిరిగాడు. గంట అయిదు దాటుతోంది. మైదానం అంచున చాయ్ బండి దగ్గర మా పిల్లలు కూర్చుని ఉన్నారు. కెప్టెన్ మోకాలికి బండి చాచా తడిగుడ్డ చుడుతున్నాడు. నేను ఫారం సంగతి చెప్పాను. చాచా లేచి తన బండి పలక చూపించాడు.

"మేడం, ఆజ్ ఏక్ గిరాకీ నై ఆయా. ఏం జెయ్యాలె? మీ ఆట చూసిన. బచ్చీ అవుటైనప్పుడల్లా ఒక గ్లాసు బోర్లిచ్చిన. మీదిక్కు ఇటు, వాళ్లదిక్కు అటు."

పలక మీద గ్లాసులు రెండు గుంపులుగా బోర్లించి ఉన్నాయి. నేను లెక్కపెట్టాను. ఆయన బండికి ఉన్నవే ఇరవై నాలుగు గ్లాసులు. చాలక ఆఖరి మూడు అవుట్లకు సాసర్లు పెట్టాడు. మూడూ మావైపే.

పిల్లలను ఒక్క గ్లాసూ ముట్టవద్దని చెప్పి రిఫరీని బండి దగ్గరికి తీసుకొచ్చాను. ఆయన వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాడు. మొదటిసారి సాసర్లు వదిలేశాడు.

"సాసర్ భీ అవుటే సాబ్" అన్నాడు చాచా నొచ్చుకుని.

పదకొండు, మూడు కలిపి పద్నాలుగు. అటు పదమూడు. రిఫరీ 'పరుగులు' కొట్టేసి, పక్కన సరైన అంకెలు రాసి సంతకం పెట్టాడు. చాచా ఉర్దూలో సాక్షి సంతకం చేశాడు. ఫారం ఆరు గంటల బస్సు అందుకుంది. నా రిజిస్టరులో ప్రేక్షకుల గడిలో సున్నా కొట్టేసి ఒకటి వేశాను.

మర్నాడు నకలు పట్టుకుని కెప్టెన్ వాళ్ల క్వార్టరుకు పోయాను. తండ్రి ఇంకా ముందురోజు దుఃఖంలోనే ఉన్నాడు. కాగితం చాలాసేపు చూశాడు.

"ఒక్క పాయింటేనా?"

"నిన్న నీవోళ్లకు ఆ ఒక్కటి గూడ దొరకలే" అన్నాను.

ఆయనకు నవ్వు వచ్చింది. మాట తప్పలేదు. జిల్లా పోటీలకు పిల్లను పంపడమే కాదు, డ్యూటీ మార్చుకుని తనూ వచ్చాడు. మైదానం గీత పక్కన, నా వెనకే నిలబడ్డాడు. బీడీ చేతిలో ఉంది.

"చాయ్ తాగే టైం ఎప్పుడిస్తరు, మేడం?"

"ఇయ్యరు."

ఆ ఏడు నిమిషాలు బీడీ ముట్టించలేదు. తర్వాతి ఏడూ ముట్టించలేదు. మ్యాచ్ అయ్యేసరికి అది పిడికిట్లో నలిగి పొడి అయింది. జట్టు ఓడిపోయింది. కానీ మా కెప్టెన్‌కు హాస్టల్ సీటు ఖాయమని చెప్పారు.

తిరుగు బస్సులో తండ్రి కూతురి పక్క సీట్లో కూర్చుని మొదలుపెట్టాడు. రెండో దఫాలో ఎడమదిక్కు తిరగాల్సిందట. ఆ పొడుగు పిల్లకు ముందే ఖో ఇవ్వాల్సిందట. రామగుండం వచ్చినా ఆపలేదు. చివరికి పిల్ల విసుక్కుంది.

"నాయినా, నువ్వెప్పుడన్న ఖో-ఖో ఆడినవా?"

"ఆడుడెందుకు? చూసిన గద!"